సహాయక పరికరాల వారంటీ: కొనేవారి హక్కు, అమ్మేవారి అమానతు

రెండు నెలల క్రితం ఒక జుమా రోజున, నమాజు ముగిసిన తరువాత, ఒక సోదరి తన తొమ్మిదేళ్ల కుమార్తెను వెంటబెట్టుకొని మా కార్యాలయానికి వచ్చారు. చేతిసంచిలో నుంచి ఒక చిన్న పెట్టె తీసి బల్లపై ఉంచారు. అందులో చెవి వెనుక తగిలించుకునే వినికిడి యంత్రం ఒకటి, పేరు గాని ముద్ర గాని తేదీ గాని లేని వారంటీ కార్డు ఒకటి, దుకాణం వారి విజిటింగ్ కార్డు ఒకటి ఉన్నాయి. విజిటింగ్ కార్డు వెనుక కలంతో 28,000 అని రాసి ఉంది. అదే ఆ కుటుంబం వద్దనున్న బిల్లు.

యంత్రం కొని అప్పటికి తొమ్మిది నెలలు. వారంటీ ఏడాది అని దుకాణదారు నోటిమాటగా చెప్పారు. నాలుగు నెలలు చక్కగా పనిచేసిన తరువాత శబ్దం తెగితెగి రావడం మొదలయింది. కంపెనీకి పంపుతామని తీసుకున్నారు. ఆరు వారాలకు తిరిగి ఇచ్చారు. రెండు వారాలు గడవక ముందే మళ్లీ మూగబోయింది. మళ్లీ తీసుకున్నారు, మళ్లీ నెలకు పైగా గడిచింది. మూడవసారి వెళ్లినప్పుడు, "లోపలికి తడి చేరిందమ్మా, దీనికి వారంటీ వర్తించదు, ఏడు వేలు అవుతుంది" అన్నారు. యంత్రం కొన్నది మీరు కాదు, మీ తమ్ముడు. ఏదైనా ఉంటే ఆయననే రమ్మనండి అని కూడా అన్నారట. ఆ తమ్ముడు సౌదీలో పనిచేస్తున్నారు. సెలవుపై వచ్చినప్పుడు మేనకోడలి కోసం ఆ యంత్రం కొనిచ్చి వెళ్లారు.

మేము వివరాలు అడుగుతున్నంతసేపూ ఆ చిన్నారి తల్లి పెదవులవైపే చూస్తూ కూర్చుంది. ఈ ఐదు నెలల్లో బడిలో ఏం చదివిందని అడిగితే తల్లి సమాధానం చెప్పలేకపోయారు. ముందు బెంచీలో కూర్చోబెట్టినా టీచరు బోర్డువైపు తిరిగి చెప్పే మాటలు ఆ బిడ్డకు అందవు. ఎక్కాలు చెప్పమంటే చెబుతుంది గాని డిక్టేషన్ రాయడం మానేసింది. "డబ్బు సంగతి సరే, భాయిసాబ్, ఈ నెలలను ఎవరు తిరిగి ఇస్తారు?" అని ఆమె అడిగిన ప్రశ్నే ఈ నెల మా శీర్షికకు విషయమయింది.

ఫ్రిజ్ వేరు, చెవి వేరు

ఇంట్లో ఫ్రిజ్ చెడిపోతే పాలు విరుగుతాయి. నాలుగు రోజులు ఇబ్బంది పడతాము. చక్రాల కుర్చీ ముందు చక్రం విరిగితే ఒక మనిషి మంచానికి పరిమితమవుతాడు. ఉద్యోగం చేసేవాడైతే సెలవు పెట్టాలి, దినకూలీ అయితే ఆనాటి తిండి పోతుంది. కృత్రిమ కాలు సరిగా అమరకపోతే మిగిలిన కాలి భాగం ఒరుసుకొని పుండు పడుతుంది. వినికిడి యంత్రం ఆగిపోతే ఒక పసిపిల్ల భాషకు దూరమవుతుంది. ఈ పరికరాలను సరుకులుగానే అమ్ముతారు, సరుకులుగానే కొంటాము. కాని కొన్న మరుక్షణం నుంచి అవి ఒక మనిషి శరీరంలో భాగమై పనిచేస్తాయి. అందుచేత వీటి విషయంలో వారంటీ అనేది డబ్బుకు సంబంధించిన హామీ మాత్రమే కాదు. కాలానికి సంబంధించిన హామీ కూడా.

ఇంకొక తేడా కూడా ఉంది. ఫ్రిజ్ ఎవరి ఇంట పెట్టినా ఒకే విధంగా చల్లబరుస్తుంది. సహాయక పరికరం అలా కాదు. ఒకరికి అతికినట్లు సరిపోయిన కుర్చీ మరొకరి నడుమును వంకర చేయవచ్చు. యంత్రంలో ఏ లోపమూ లేకపోయినా, ఆ మనిషికి తగినది కానప్పుడు అది లోపమున్న వస్తువుతో సమానమే. కార్డుపై అచ్చయ్యే వారంటీ సాధారణంగా యంత్రం గురించే మాట్లాడుతుంది. దానిని వాడే మనిషి గురించి మాట్లాడదు. ఆ వెలితిని చట్టం కొంతవరకు పూరిస్తుంది. ఎంతవరకో చూద్దాం.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో సరుకుల విక్రయ చట్టం 1930 నాటిది. దాని 16వ సెక్షను ప్రకారం, కొనుగోలుదారు తనకు ఆ వస్తువు ఏ ప్రయోజనానికి కావాలో అమ్మేవారికి తెలియజేసి, వారి నైపుణ్యంపై ఆధారపడి కొన్నప్పుడు, ఆ వస్తువు ఆ ప్రయోజనానికి తగినంతగా ఉపయోగపడి తీరాలనే షరతు, కాగితంపై రాయకపోయినా, ఆ అమ్మకంలో ఇమిడి ఉంటుంది. బిడ్డ వినికిడి పరీక్ష ఫలితాన్ని దుకాణదారు చేతికిచ్చి, "దీనికి సరిపోయేది ఇవ్వండి" అని అడిగి కొన్న తల్లికి ఈ సెక్షను అండగా నిలుస్తుంది. అయితే ఇరుపక్షాలూ ఒప్పుకొని రాసుకున్న షరతులతో ఈ రక్షణను తొలగించుకోవడానికి అదే చట్టంలో వీలుంది. కాబట్టి సన్నని అక్షరాల కాగితంపై సంతకం చేసే ముందు చదవడం, చదవలేకపోతే చదివించుకోవడం తప్పనిసరి.

దీనికన్నా బలమైన ఆయుధం వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ఇది 1986 నాటి చట్టం స్థానంలో 2020 జూలైలో అమలులోకి వచ్చింది. ఇందులో మన విషయానికి సంబంధించిన నాలుగు అంశాలను పాఠకులు గుర్తుంచుకోవాలి.

మొదటిది: వినియోగదారుడు అంటే డబ్బు చెల్లించిన వ్యక్తి ఒక్కరే కాదు. ఆయన అనుమతితో ఆ వస్తువును వాడుకునే వ్యక్తి కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే. వినియోగదారు మైనరు అయితే తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకులు ఫిర్యాదు చేయవచ్చు. సౌదీలో ఉన్న మేనమామ రావాలని దుకాణదారు పట్టుబట్టడానికి చట్టంలో ఆధారం లేదు.

రెండవది: సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడమే ఒక అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకొని సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం కూడా అటువంటిదే. బిల్లుపై గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, రాసి లేకుంటే 30 రోజులలోగా ఆ పని చేయాలి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకు తగిలించిన బోర్డు లోపమున్న సరుకుకు వర్తించదు. తగిన పరీక్షలు లేకుండా ఇంతకాలం మన్నుతుందని హామీ ఇవ్వడం, నెరవేర్చే అవకాశం లేని మరమ్మతు హామీ ఇవ్వడం కూడా ఈ కోవలోకే వస్తాయి.

మూడవది: ఫిర్యాదు చేయడానికి కంపెనీ ఉన్న ఊరికి పోనక్కరలేదు. తాము నివసించే లేదా పనిచేసే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో దాఖలు చేసే ఏర్పాటు ఉన్నది. విచారణకు వీడియో ద్వారా హాజరు కావడానికి అనుమతి కోరవచ్చు. మెట్లెక్కలేనివారికి ఇది చిన్న సౌకర్యం కాదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండు సంవత్సరాలలోపు ఫిర్యాదు చేయాలి.

నాలుగవది: లోపం ఉన్నదా లేదా అన్నది వాడుకతో గాని చూపుతో గాని తేలనప్పుడు కమిషన్ ఆ వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించగలదు. లోపం రుజువైతే మరమ్మతుకు, కొత్త వస్తువు ఇవ్వడానికి, సొమ్ము వాపసుకు, జరిగిన నష్టానికి పరిహారానికి ఆదేశించగలదు. పరీక్ష అవసరం లేని కేసులను 3 నెలల్లో, పరీక్ష అవసరమైన వాటిని 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం నిర్దేశించింది. ఆచరణలో ఇంతకన్నా ఎక్కువ కాలమే పట్టవచ్చునని పాఠకులకు చెప్పకపోతే మేము నిజం దాచినవారమవుతాము.

వీటికి తోడు, 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. గాయానికి లేదా వైకల్యానికి సహాయంగా వాడే పరికరాలు కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. కాబట్టి తయారీదారు ఎవరో, దిగుమతిదారు ఎవరో తెలియని పరికరాన్ని పెట్టె మీది బొమ్మ చూసి కొనడం ప్రమాదకరం.

తడి కథ

ఇక ఆ బిడ్డ యంత్రంలో చేరిందన్న తడి సంగతి. వినికిడి యంత్రాల వారంటీ కార్డులలో తరచుగా కనిపించే మినహాయింపు ఇది. యంత్రాన్ని నీళ్లలో పడవేస్తే, స్నానానికి తీయడం మరచిపోతే ఆ నష్టం వాడినవారిదే. అందులో వివాదం లేదు. కాని చెవి వెనుక పెట్టుకునే వస్తువుకు చెమట తగలకుండా ఉండదు. కోస్తా జిల్లాల ఉక్కలో, ఫ్యాను తిరగని తరగతి గదిలో కూర్చునే పిల్లకు చెమట పట్టడం దుర్వినియోగం కాదు. అది ఆ యంత్రం మామూలు వాడుక. మామూలు వాడుకను తట్టుకోలేని వస్తువులో లోపం ఉన్నదని వాదించే హక్కు కొన్నవారికి ఉంది.

మరొక ప్రశ్న కూడా అడగాలి. మొదటి రెండుసార్లు యంత్రాన్ని విప్పి బాగుచేసినవారికి ఆనాడు తడి కనిపించలేదా? కనిపించి ఉంటే ఎందుకు చెప్పలేదు? కనిపించకపోతే మూడవసారి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం రాబట్టాలంటే మొదటి రెండు మరమ్మతుల కాగితాలు కావాలి. మా సోదరి వద్ద అవి లేవు. దుకాణం వారు ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ఇటువంటి వ్యవహారాలలో తరచుగా ఓటమికి కారణం చట్టం లేకపోవడం కాదు, కాగితం లేకపోవడం.

దానంగా ఇచ్చిన పరికరం

మన సమాజంలో చాలా ఇళ్లలో చక్రాల కుర్చీ గాని మూడు చక్రాల బండి గాని దానంగా వచ్చినవే. రమజాన్‌లో జకాత్ సొమ్ముతో, సదఖా సొమ్ముతో మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు వాటిని కొని పంచుతాయి. మంచి పనే. అయితే కుర్చీ అందుకున్న వ్యక్తికి బిల్లు గాని వారంటీ కార్డు గాని ఇవ్వడం మాత్రం ఎవరికీ తోచదు. ఆరు నెలలకు బేరింగు పోతే, "ఉచితంగా ఇచ్చిన దానికి ఫిర్యాదేమిటి?" అన్న బిడియంతో ఆయన దానిని గోడకు ఆనించి పెడతాడు. దాత పుణ్యం దక్కిందనుకుంటాడు; అవసరమున్న మనిషి మళ్లీ మంచం మీదనే ఉంటాడు.

దాత ధర చెల్లించి కొన్నాడు. అతని అనుమతితోనే మరొకరు వాడుకుంటున్నారు. పైన చెప్పిన నిర్వచనం సరిగ్గా ఇటువంటి వారిని కూడా దృష్టిలో ఉంచుకొన్నది. కనుక కమిటీలకు మా విన్నపం: కొనేటప్పుడే వారంటీ కార్డు మీద వాడుకునే వ్యక్తి పేరు రాయించండి. బిల్లు నకలు ఆయన చేతికివ్వండి, అసలు మీ దస్త్రంలో ఉంచండి. వంద కుర్చీలు తక్కువ ధరకు కొనే బదులు ఎనభై కుర్చీలు కొని, మిగిలిన సొమ్మును టైర్లకు, బేరింగులకు, బ్యాటరీలకు కేటాయించండి. ఫోటోలో వంద కనబడతాయి గాని ఏడాది తరువాత వీధిలో ఎన్ని నడుస్తున్నాయన్నదే అసలు లెక్క.

ప్రభుత్వ పథకం కింద పూర్తి ఉచితంగా అందిన పరికరాల దారి వేరు. 1981 నుంచి కేంద్రం సహాయక పరికరాల పంపిణీ పథకాన్ని నడుపుతున్నది; కాన్పూరులోని కృత్రిమ అవయవాల తయారీ సంస్థ, అలింకో, ఈ పరికరాలలో చాలావాటిని తయారుచేసి శిబిరాలలో అందజేస్తున్నది. అటువంటి పరికరం చెడిపోతే ముందుగా పంపిణీ చేసిన సంస్థకు, జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపాలి. అక్కడ పని జరగకుంటే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద రాష్ట్రంలో ఉండే వికలాంగుల కమిషనరుకు విజ్ఞప్తి చేయవచ్చు. ఆదాయ పరిమితికి లోబడి సహాయక పరికరాలను ఉచితంగా అందించడాన్ని ఆ చట్టమే సామాజిక భద్రతలో భాగంగా పేర్కొన్నది. కనుక అడగడంలో చిన్నతనం లేదు.

మన చట్టంలో లేనిది

అమెరికాలోని కాలిఫోర్నియాలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ రాష్ట్రంలో 1970 నాటి వారంటీ చట్టంలో సహాయక పరికరాలకు ప్రత్యేకంగా నిబంధనలు చేర్చారు. చిల్లరగా అమ్మే ప్రతి సహాయక పరికరానికీ, అది కొన్నవారి ప్రత్యేక అవసరానికి తగినదేనని అమ్మేవారు రాతపూర్వక హామీ ఇవ్వాలి. తగినది కాకపోతే, చేతికందిన నాటి నుంచి గాని అమరిక పూర్తయిన నాటి నుంచి గాని, ఏది తరువాత అయితే దాని నుంచి, చట్టం చెప్పిన గడువులోగా తిరిగి ఇచ్చివేయవచ్చు. అప్పుడు అమ్మినవారు సరిచేయాలి, మార్చాలి, లేదా మొత్తం సొమ్ము వాపసు చేయాలి. కొత్త చక్రాల కుర్చీలకు కనీసం ఏడాది వారంటీ తప్పనిసరి. ఒకే లోపానికి నాలుగుసార్లు మరమ్మతు చేసినా బాగుపడకపోతే, లేదా మరమ్మతుల పేరిట కుర్చీ మొత్తం 30 రోజులకు పైగా వాడకానికి దూరమైతే, ఇక మరమ్మతు మాట చెల్లదు. మార్చవలసిందే లేదా సొమ్ము ఇవ్వవలసిందే అన్నది ఆ నిబంధనల సారాంశం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ చట్టం రోజులు లెక్కపెట్టింది. పరికరం లేకుండా గడిచిన ప్రతి రోజూ నష్టమేనని గుర్తించింది. మన వినియోగదారుల చట్టం విశాలమైనదే. కాని ఎన్ని మరమ్మతుల తరువాత కొత్తది ఇవ్వాలో, మరమ్మతు కాలంలో తాత్కాలికంగా మరొక పరికరం ఇవ్వాలో లేదో అందులో సహాయక పరికరాల కోసం ప్రత్యేకంగా రాయలేదు. 2007లోనే మన దేశం వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించింది. ఆ ఒడంబడిక నాణ్యమైన సహాయక పరికరాలు అందుబాటు ధరలో లభించేలా చూడాలని కోరుతున్నది. మన శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను కలిసే సందర్భాలలో మన సంఘాలు ఈ కోరికను కూడా వినతిపత్రంలో చేర్చాలని మా సూచన.

మూడు రోజుల హక్కు

ఈ సందర్భంలో హదీసు గ్రంథాలలో ఉన్న ఒక సంఘటనను గుర్తుచేసుకోవడం ఉచితం. మదీనాలో హబ్బాన్ ఇబ్న్ మున్ఖిద్ (రజి) అనే సహాబీ ఉండేవారు. ఈ సంఘటన ఆయన తండ్రిదని చెప్పే ఉల్లేఖనాలు కూడా ఉన్నాయి. తలకు తగిలిన గాయం వల్ల ఆయన మాట తడబడేది. బేరసారాలలో సులువుగా మోసపోయేవారు. అటువంటి వ్యక్తి కుటుంబంవారు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, ఆయనను క్రయవిక్రయాల నుంచి నివారించమని కోరినట్లు ఒక ఉల్లేఖనంలో ఉన్నది. తాను వ్యాపారం మానుకొని ఉండలేనని ఆయన మనవి చేసుకున్నారు. అప్పుడు దైవప్రవక్త (స), బేరం కుదిరేటప్పుడు ఇందులో మోసానికి తావులేదని స్పష్టంగా చెప్పమని ఆయనకు నేర్పారు. కొన్న ప్రతి వస్తువు విషయంలోనూ మూడు రాత్రుల వరకు ఉంచుకోవడానికో తిరిగి ఇవ్వడానికో అధికారాన్ని ఇచ్చారు.

ఇందులోని వివేకాన్ని గమనించండి. బలహీనుణ్ణి బజారు నుంచి దూరం చేసి కాపాడడం ఒక మార్గం. కుటుంబం కోరినది అదే. నేడు కూడా మనం అదే చేస్తాము: "నీకు తెలియదు, నువ్వుండు, మేము కొంటాం" అంటాము. కాని ఆ మనిషిని బజారులోనే ఉంచి, అతని చేతికి ఒక హక్కును ఇవ్వడం మరొక మార్గం. తరువాతి కాలపు ధర్మశాస్త్ర పండితులు షరతుపై వాపసు హక్కును, లోపం బయటపడినప్పటి వాపసు హక్కును వేర్వేరు అధ్యాయాలుగా చర్చించారు. సరుకులోని లోపాన్ని తెలిసీ దాచి అమ్మడం నిషిద్ధమన్న విషయంలో వారిలో భేదాభిప్రాయం లేదు.

మన పాఠకులలో వ్యాపారస్తులు తక్కువేమీ కాదు. మందుల దుకాణంలో చక్రాల కుర్చీలు, చేతికర్రలు, నడుము పట్టీలు అమ్మేవారు ఉన్నారు. కొనడానికి వచ్చినవాడు తొందరలో, దుఃఖంలో ఉంటాడు; ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చి ఉంటాడు. బేరమాడే ఓపిక అతనికి ఉండదు. ఆ బలహీనత మీ లాభం కాకూడదు. బిల్లు అడగకముందే ఇవ్వండి. శ్రవణ యంత్రాలపై జీఎస్టీ లేదని, చక్రాల కుర్చీపై 5 శాతమేనని చెప్పండి. పన్ను తగ్గిస్తామని బిల్లు ఎగవేయడం ప్రభుత్వానికి మాత్రమే నష్టం కాదు. ఆ వికలాంగుని వారంటీని మీరు లాగేసుకున్నట్లే.

ఏం చేయాలి?

కొనే ముందు: వినికిడి యంత్రమైతే ఆడియాలజిస్టు వద్ద, కృత్రిమ కాలు అయితే ప్రోస్థటిస్టు వద్ద పరీక్ష చేయించుకోండి. వారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగడంలో మొహమాటపడవద్దు. సికింద్రాబాదులో వినికిడికి, మేధో వైకల్యానికి సంబంధించిన జాతీయ సంస్థల కేంద్రాలు ఉన్నాయి. దగ్గరలో ఉన్నవారు కొనుగోలుకు ముందు అక్కడ సలహా తీసుకోవడం మేలు. కొన్ని రోజులు వాడి చూసే అవకాశం ఇస్తారా అని అడగండి. ఇస్తామంటే ఆ మాట కాగితంపై రాయించండి.

కొనేటప్పుడు: బిల్లుపై మోడల్, యంత్రం సీరియల్ నంబరు, వాడుకునేవారి పేరు ఉండాలి. వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో, అమ్మిన నాటి నుంచా, అమర్చిన నాటి నుంచా, రాయించండి. బ్యాటరీకి, చార్జరుకు, టైర్లకు, చెవి అచ్చుకు వేరే గడువులుంటాయి. ఒక్కొక్కదాని గడువు విడిగా అడగండి. మరమ్మతు ఎక్కడ జరుగుతుంది, పంపే ఖర్చు ఎవరిది, ఆ రోజుల్లో తాత్కాలికంగా మరొకటి ఇస్తారా అన్న మూడు ప్రశ్నలు మరువవద్దు. కాక్లియర్ ఇంప్లాంటు అయితే శస్త్రచికిత్సతో లోపల అమర్చిన భాగానికి, బయట తగిలించుకునే ప్రాసెసరుకు వారంటీ గడువులు వేరు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేలోగా రెండు కార్డులూ చేతికి తీసుకోండి.

చెడిపోయినప్పుడు: ఇచ్చిన ప్రతిసారీ తేదీ, లోపం రాసిన రసీదు తీసుకోండి. తిరిగి తీసుకున్నప్పుడు ఏం బాగుచేశారో రాయించుకోండి. అది ఇవ్వకపోతే అదే రోజున మీ ఫోను నుంచి దుకాణానికి ఒక సందేశం పంపండి: ఈ రోజు ఫలానా యంత్రాన్ని ఫలానా లోపంతో మీకు అప్పగించాము అని. ఆ సందేశమే రేపు సాక్ష్యం. మీవైపు పొరపాటు ఉంటే దాచవద్దు. యంత్రం బకెట్లో పడిందని తెలిసీ లేదనడం మనకు తగదు. అమానతు రెండు వైపులా ఉంటుంది.

పని జరగనప్పుడు: దుకాణానికి, తయారీ కంపెనీకి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాసి 15 రోజుల గడువు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అప్పటికీ కాకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లండి. న్యాయ సహాయం కావలసిన వికలాంగులకు, స్త్రీలకు, పిల్లలకు న్యాయసేవల అధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది. ఈ హక్కు 1987 నాటి చట్టంలో ఉన్నది. దాని సహాయవాణి 15100.

ఆ చిన్నారి సంగతి

బిల్లు లేదన్న కారణంతో మా సోదరి ఆశ వదులుకోలేదు. యంత్రానికి చెల్లించిన 28 వేలలో 18 వేలు ఆమె తమ్ముడు ఫోను ద్వారా చెల్లించారు. బ్యాంకు ఖాతా వివరాలలో దుకాణం పేరు, తేదీ స్పష్టంగా ఉన్నాయి. యంత్రంపై చెక్కిన సీరియల్ నంబరును కంపెనీకి పంపి, ఏ దుకాణానికి ఎప్పుడు అమ్మారో తెలపమని అడిగాము. బడి టీచరు, ఏ నెల నుంచి ఏ నెల వరకు బిడ్డ యంత్రం లేకుండా వచ్చిందో ఒక కాగితంపై రాసి ఇచ్చారు. వీటిని జతచేసి ఉత్తరం పంపిన పన్నెండవ రోజున దుకాణం నుంచి ఫోను వచ్చింది. ఏడు వేల ప్రస్తావన మళ్లీ రాలేదు. కంపెనీ కొత్త యంత్రం ఇచ్చింది.

అయితే వారంటీ మాత్రం పాత తేదీ నుంచే లెక్క అంటున్నారు. అంటే కొత్త యంత్రానికి ఇప్పుడు మిగిలిన హామీ నెల రోజులు కూడా లేదు. పరికరం తమ వద్దనే ఉంచుకొన్న ఐదు నెలలను కూడా వారంటీ కాలంలో కలిపి లెక్కించడం అన్యాయమని ఆమె మళ్లీ ఉత్తరం రాశారు. సమాధానం రాకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లడానికి కాగితాలన్నీ ఒక కవరులో సిద్ధం చేసుకొని ఉన్నారు. ఈసారి ఆ కవరు మీద కుమార్తె పేరే రాశారు.

మొన్న ఆమె మళ్లీ వచ్చినప్పుడు బిడ్డ తల్లి పెదవులవైపు చూడకుండా మా గోడ గడియారం వైపు తిరిగి కూర్చుంది. అది టిక్కుటిక్కుమంటోందని తల్లికి చెప్పింది. మేము ఆ గడియారం చప్పుడును ఏళ్ల తరబడి విననేలేదు.

పాఠకులలో ఎవరి ఇంటనైనా గోడకు ఆనించి పెట్టిన కుర్చీ గాని, పెట్టెలో మూసిపెట్టిన యంత్రం గాని ఉంటే, ఈ రాత్రి దాని కార్డు వెదకండి. గడువు ఇంకా ఉండవచ్చు.